అవ్వ ఇంటి ముందే ఆగే జీపు

మీ బండి స్టార్ట్ కాకపోతే మీరు మొదట ఎవరిని అనుమానిస్తారు? బ్యాటరీని అంటారు. నిజం చెప్పండి. పొద్దున లేచి ఎవరి ముఖం చూశారో, బయలుదేరుతుంటే ఎవరు ఎదురొచ్చారో ఒక్కసారైనా మీ మనసులో తిరగలేదా? తిరగలేదని గట్టిగా చెప్పగలిగేవాళ్లు దీన్ని మరీ జాగ్రత్తగా చదవాలి. నేనూ అలా గట్టిగా చెప్పినవాడినే. ఆ గట్టిదనం వల్లే ఒక మనిషి ఊరు విడవాల్సి వచ్చింది.

బాన్సువాడలో ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్ పని చేశాను. పిట్లం పోయే దారిలో నా షెడ్డు ఉండేది. ఆరు రోజులు బండ్లు బాగుచేసేవాణ్ణి, ఏడో రోజు మా హేతువాద సంఘం వాళ్లతో కలిసి ఊళ్లు తిరిగి బాణామతి అనే చేతబడి లేదని చెప్పేవాణ్ణి. అరచేతిలో కర్పూరం వెలిగించుకునేవాణ్ణి. నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం ఎలా వస్తుందో, ఆ కత్తికి ముందే ఏం పూస్తారో చేసి చూపేవాణ్ణి. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు నాకు బాగా అలవాటైపోయాయి. మెకానిక్‌కు పనికిరాని అలవాటు అది.

తొంభైల నడుమ మాట. పిట్లం అవతల ఒక ఊరి రైతు సర్కారు వేలంపాటలో పాత డీజిల్ జీపు కొన్నాడు. వరి, చెరకు పండించే పెద్ద కుటుంబం, ఊరంతా ఆయన్ని పటేల్ అనేది. ఆ జీపును కిరాయికి తిప్పేవాడు. ఊరి నుంచి పిట్లం, పిట్లం నుంచి బాన్సువాడ, మళ్లీ వెనక్కి. ఎనిమిది మంది పట్టే బండిలో పద్దెనిమిది మంది ఎక్కేవారు. డ్రైవరు పక్క తండా యువకుడు. ఇంట్లో తండా భాష, బయట తెలుగు. రెండింటిలోనూ తక్కువ మాట్లాడే మనిషి.

ఒకరోజు జీపు తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు.

"అన్నా, ఒక్కోసారి స్టార్టయితలేదు."

"ఎప్పుడు?"

"ఎప్పుడంటే... ఒక్కోసారి."

కూర్చుని తాళం తిప్పాను. స్టార్ట్ అయింది. ఆపి మళ్లీ తిప్పాను. పదిసార్లు తిప్పితే పదిసార్లూ అయింది.

"ఏందిరా, నాకైతే అయితుంది. నీ మీద అలిగిందా బండి?" అన్నాను. షెడ్డంతా నవ్వింది. అతనూ తల గోక్కుంటూ నవ్వి వెళ్లిపోయాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఒక మాట. ఎప్పుడూ పాడై ఉండే బండి మనకు శత్రువు కాదు. అది పడుకుని ఉంటుంది, మనం వెతుక్కుంటాం. ఒక్కోసారి మాత్రమే మొరాయించే బండి వేరు. అది షెడ్డులో మంచిగా ఉంటుంది, దారిలో చెడుగా ఉంటుంది. అలాంటప్పుడు మన పానాలకంటే డ్రైవరు మాట పెద్ద పనిముట్టు. ఎక్కడ ఆగింది, ఎంతసేపు నడిచాక ఆగింది, ఆగినప్పుడు చప్పుడు ఏం వచ్చింది, మళ్లీ ఎంతసేపటికి స్టార్ట్ అయింది? ఇవన్నీ నాకు తెలుసు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లకు చెప్పాను కూడా.

పదిహేను రోజులకు అతను మళ్లీ వచ్చాడు. ఈసారి మాట కొంచెం పెరిగింది.

"గా అవ్వ ఇంటి ముందర ఆపితెనే అయితలేదన్నా. మిట్ట ఎక్కినంక, బోరింగు కాడ. ఇంకేడ ఆపినా మంచిగనే అయితది."

నేను అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: ఇంకెక్కడెక్కడ ఆపుతున్నావు? అది అడిగి ఉంటే నేనిప్పుడు ఇది రాసేవాణ్ణి కాదు. కానీ అవ్వ అనే మాట వినగానే నాలో మెకానిక్ పక్కకు జరిగాడు, ఉపన్యాసకుడు లేచి నిలబడ్డాడు.

"అంటే, అవ్వ బాణామతి చేస్తుందంటవా?"

"నేనట్ల అంటలేనన్నా. జనం అంటుండ్రు. ఆడ అయితలేదని నేను చెప్తున్న, గంతే. ఇగో, గీ తీగె..." అంటూ అరచెయ్యి చూపించబోయాడు.

"తీగె సంగతి నేను చూసుకుంటా. ముందు నీ తలకాయ సంగతి చూడాలె" అన్నాను. ఇనుముకు, రాగికి, యాసిడ్‌కు అవ్వలూ తాతలూ తెలియరని పావుగంట చెప్పాను. చెబుతూనే బ్యాటరీ మొనలు గీకి శుభ్రం చేశాను. తాళం తిప్పాను. అయింది. "పో" అన్నాను. చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఊరికి వాగు దాటి నిటారుగా ఒక మిట్ట ఎక్కాలి. మిట్ట మీద, ఊరు మొదలయ్యే మలుపులో అవ్వ ఇల్లు. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఒక్కతే ఉండేది. ఆమె ఇంటి ముందు బోరింగు. నిండుగా జనంతో మిట్ట ఎక్కేసరికి జీపు రేడియేటరు మసిలిపోయేది. ఎక్కడో ఒకచోట ఇంజను ఆపి నీళ్లు పోయాల్సిందే. జీపు చప్పుడు వినగానే ఆమే బయటికి వచ్చి బోరింగు కొట్టి బిందె తెచ్చేది. "బండికి దూపయింది బిడ్డా, తాపియ్యి" అనేది. ఎవరూ ఆమెను అడగలేదు, ఎవరూ ఆమెకు ఏమీ ఇవ్వలేదు. రోజూ చేసేది.

అక్కడ స్టార్ట్ కాకపోతే తోయడానికి కూడా వీలు లేదు. ముందు ఇంకా ఎక్కుడు, వెనక మలుపు, మలుపు కింద వాగు. జనం దిగి కూర్చునేవారు. ఎవరో ఒకరు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టేవారు, ఇంకొకరు కొబ్బరికాయ కొట్టేవారు. ఈ తతంగం అయ్యేసరికి అరగంట. అరగంట తర్వాత తాళం తిప్పితే జీపు స్టార్ట్ అయ్యేది. ఇంతకంటే రుజువు ఏం కావాలి వాళ్లకు?

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, జీపు బాన్సువాడ నుంచి వచ్చి మిట్ట ఎక్కి, బోరింగు దగ్గర ఆగి నీళ్లు తాగుతోంది. అప్పుడే పటేల్ ఇంటి నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. పటేల్ కోడలికి నొప్పులు వస్తున్నాయి, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. జీపు స్టార్ట్ కాలేదు. ఆమెను మంచం మీద జీపు దగ్గరికే మోసుకొచ్చారు. అయినా కాలేదు. అరగంట ఆమె ఆ మంచం మీద, అవ్వ ఇంటి ముందు, ఎండలో పడుకుంది. తర్వాత జీపు కదిలింది. బాన్సువాడ దవాఖానలో తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. ఆ అరగంట వల్లేనా అన్నది దవాఖానలో ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఊరు మాత్రం తేల్చేసింది.

ఇలాంటి చోట్ల మేము ఉపన్యాసాల్లో ఒక మాట చెప్పేవాళ్లం: బాణామతి నింద వెనక ఎప్పుడూ భూమి తగాదా ఉంటుంది, వెతకండి అని. నేను వెతికాను. లేదు. ఆ ముసలామె రెండు గదుల పెంకుటిల్లు ఎవరికీ అక్కర్లేదు. పటేల్ ఆమెను చిన్నప్పటి నుంచి ఎరుగును. అతను దుర్మార్గుడై ఉంటే నాకు ఎంత సులువుగా ఉండేది! మనవణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఎవరో ఒకరు చేశారని అనుకోకపోతే నిద్రపట్టని మనిషి.

ఆ వారం ఎవరూ ఆ బోరింగు నీళ్లు ముట్టలేదు. ఆమె పళ్లు పీకితే మంత్రం పలకదని కొందరు అనడం మొదలుపెట్టారు. పాత రోజుల్లో మా ప్రాంతంలో అలా పళ్లు పోయిన ఆడవాళ్లను నేను చూశాను. డ్రైవరే వచ్చి చెప్పాడు. పోలీసుల దగ్గరికి పోవాల్సింది. పోలేదు. మా సంఘం చేతికి ఇంత మంచి అవకాశం వస్తే పోలీసులెందుకు? నేరుగా ఊరికి పోయి నలుగురిలో పటేల్‌తో మాట్లాడాను.

"వచ్చే ఆదివారం అదే ఇంటి ముందర, అందరి ముందర, నేనే జీపు ఆపి స్టార్ట్ చేసి చూపిస్త. అయితే ఇగ అవ్వ జోలికి ఎవ్వరూ రావద్దు."

"కాకుంటే?" అన్నాడు పటేల్.

"కాకపోవుడు అనేదే ఉండదు."

పందెం కట్టింది నేను. పణంగా పెట్టింది ఆమెను. ఆమెను ఒక్క మాట అడగలేదు.

మా పక్కనే బ్యాటరీల దుకాణం పెట్టుకున్న పెద్దాయనను మేమంతా చాచా అనేవాళ్లం. శనివారం కొత్త బ్యాటరీ కోసం ఆయన దగ్గరికి వెళ్లాను.

"ఖరాబీ దొరికిందా ఉస్తాద్?"

"కొత్త బ్యాటరీ ఏస్తున్న కద చాచా."

"నేను అడిగింది అది కాదు. దొరికిందా?"

"షెడ్డుల ఎన్నిసార్లు తిప్పినా అయితుంది. ఏం దొరుకుతది?"

"వాహ్! దొంగను పట్టకుండనే పంచాయితీ పెడ్తున్నవ్" అన్నాడు. "మైకు కూడా తీస్కపోతున్నవా?"

తీసుకెళ్లాను.

ఆదివారం మధ్యాహ్నం జీపు నేనే నడిపాను. పక్కన డ్రైవరు, వెనక మా సంఘం మిత్రులు, మైకు సామాన్లు, పెట్టెలు. మిట్ట ఎక్కేసరికి రేడియేటరు నుంచి ఆవిరి లేచింది. ఊరంతా ఇళ్ల నీడల్లో నిలబడి ఉంది. బోరింగు దగ్గర ఆపాను.

"బంద్ చెయ్యకన్నా" అన్నాడు డ్రైవరు మెల్లగా. "జర చల్లగానియ్యి."

"బంద్ చేస్తెనే కద మళ్ల స్టార్ట్ చేసి చూపిచ్చేది" అని తాళం తిప్పి ఆపేశాను.

అవ్వ ఎప్పటిలాగే బిందెతో వచ్చింది. తనకు జరుగుతున్నది ఏమిటో ఆమెకు పూర్తిగా తెలుసు. అయినా జీపు వచ్చింది కాబట్టి నీళ్లు తెచ్చింది. రేడియేటరులో పోశాక, చెంబు నిండా నీళ్లు తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఎండల వడి వచ్చినవ్ బిడ్డా. జర్రన్ని తాగు."

నా చేతిలో మైకు ఉంది. ఊరంతా చూస్తోంది. "తర్వాత తాగుతనవ్వా" అన్నాను.

మామూలుగా నేను అరగంటకు తక్కువ మాట్లాడను. ఆరోజు ఎండ మండుతోందని అయిదు నిమిషాల్లో ముగించాను. నా జీవితంలో తక్కువ మాట్లాడింది ఆ ఒక్కరోజే, అదీ తప్పే అయింది. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఎక్కి కూర్చుని తాళం తిప్పాను. టక్ అంది. అంతే. మళ్లీ తిప్పాను. టక్. లైట్లు వేసి చూశాను, దేదీప్యమానంగా వెలిగాయి. కొత్త బ్యాటరీ కదా! తాళం తిప్పితే టక్.

ఒక తల్లి తన బిడ్డను లోపలికి లాక్కుని తలుపేసుకుంది. వెనక నుంచి ఎవరో అన్నారు: "మనకు తెల్వదని మైకు పెట్టి మరీ చూపిచ్చిండు." ఎవరూ గట్టిగా నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

అవ్వ ఆ చెంబు అలాగే పట్టుకుని జీపు పక్కకు వచ్చింది. నీళ్లు చెయ్యి మీదకు తొణుకుతున్నాయి.

"ఇంకొక్కసారి తిప్పు బిడ్డా" అంది.

తిప్పాను. టక్ అంది.

"ఇగ చాలు" అని పటేల్ తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

నేను బానెట్ ఎత్తి ఏవేవో కదిపాను. కనబడిందల్లా తిట్టాను. నిమ్మకాయలు వచ్చాయి. అరగంట తర్వాత తాళం తిప్పితే జీపు మామూలుగా స్టార్ట్ అయింది. ఆ చప్పుడుకు ఊరు ఇంకా భయపడింది.

మూడో రోజు అవ్వ బట్టల మూటతో మద్నూర్ అవతల, మరాఠీ మాట్లాడే ఊళ్లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. పళ్లు పోకుండానే వెళ్లింది. మా సంఘం సాధించిన విజయం అంతవరకే.

అప్పటిదాకా కిరాయికి తిప్పని జీపును వారం తర్వాత డ్రైవరు తెచ్చాడు. నేను ముఖం తిప్పుకున్నాను. అతను నా ముందు అరచెయ్యి చాపాడు. బొటనవేలి కింద కాలిన మచ్చ, పాతది.

"ఇది నేను అప్పుడే చూపిస్తనన్న. నువ్వు ఇనలే. టక్ అన్నప్పుడు గీ తీగె పట్టుకుంటె కాలింది. సల్లగైనంక మళ్ల స్టార్టయింది."

బ్యాటరీ నుంచి స్టార్టరు మోటారుకు పోయే లావు తీగె అది. నేను జీపులో ఇసుక బస్తాలు వేయించి, పిట్లం దారిలో మసిలేదాకా తోలి, ఆపాను. తాళం తిప్పాను. టక్. తీగె కొన పట్టుకున్నాను. చుర్రుమంది. అక్కడే రోడ్డు మీద కూర్చుని రబ్బరు చీల్చాను. పైకి కొత్తదానిలా ఉంది. లోపల రాగి పోగులు పచ్చబారి పొడిపొడిగా రాలాయి. నాలుగైదు పోగులే మిగిలాయి. చల్లగా ఉన్నప్పుడు అవి ఎలాగో లాక్కొచ్చేవి. ఇంజను వేడికి ఆ కాస్త దారీ మూసుకుపోయేది. లైట్లకు అంత కరెంటు అక్కర్లేదు కాబట్టి అవి వెలిగేవి. అరగంటకు చల్లబడితే మళ్లీ పనిచేసేది. నిమ్మకాయకైనా అదే అరగంట, నా ఉపన్యాసానికైనా అదే అరగంట. ఆరోజు నేను ఎప్పటిలా వాగి ఉంటే జీపు స్టార్ట్ అయ్యేది. అయితే అది కూడా అబద్ధపు గెలుపే అయ్యేది.

అప్పుడు అడిగాను ఆ ప్రశ్న.

"ఇంకెక్కడెక్కడ ఆపుతవు ఇంజను?"

"ఏడ ఆపుతన్నా? పిట్లంల బంద్ చెయ్య, చాలుగనే ఉంచుత, జనం ఎక్కుతరు, దిగుతరు. బాన్సువాడల, ఊళ్లె ఆపితే రెండు మూడు గంటలు నిలబడ్తది. వేడి మీద ఆపేది అవ్వ కాడనే. నీళ్లకు."

అంతే సంగతి. వేడి మీద ఇంజను ఆపేది ఒకే ఒక్క చోట. అక్కడ కాక ఇంకెక్కడ మొరాయిస్తుంది? ఆమె నీళ్లు పోయకపోతే జీపు అక్కడ ఆగేది కాదు. ఆగకపోతే ఆమె మీద నింద వచ్చేది కాదు. ఆ ఊళ్లో రోజూ ఉచితంగా ఒక మంచి పని చేసిన మనిషి ఆమె ఒక్కతే. సరిగ్గా అందుకే దొరికిపోయింది.

కొత్త తీగె వేశాను. మరునాడు పాత తీగె తీసుకుని ఊరికి వెళ్లాను. పటేల్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చీల్చిన తీగె ఆయన ముందు పెట్టి మొత్తం వివరించాను. ఓపికగా విన్నాడు.

"జీపు మంచిగైంది ఉస్తాద్. నిన్నటి సంది ఒక్కసారి కూడ ఆగలే" అన్నాడు. "ముసల్ది పోయినంక మంచిగైంది."

తీగెను ఆయన వైపు ఇంకాస్త జరిపి అన్నాను:

"ఒక పని చేద్దాం పటేల్. ఈ పాత తీగెనే మళ్ల ఏస్త. అవ్వ ఊళ్లె లేదు కద. మిట్ట ఎక్కిద్దాం, ఆపుదాం. అప్పుడు కాకుంటే అవ్వది కాదు తప్పు, తీగెది. ఒక్కసారి అందరు చూస్తరు."

ఆయన చాలాసేపు ఆ తీగెను చూశాడు. చేత్తో ముట్టుకోలేదు.

"నా ఇంట్ల పిల్లగాడు పోయిండు. నడిచే బండిని మళ్ల ఖరాబ్ చేసి చూపిస్తనంటవా? వద్దు. గా తీగె తీస్కపో."

తీసుకొచ్చేశాను. మెట్లు దిగుతుంటే అర్థమైంది ఆయన ఎందుకు ముట్టుకోలేదో. నేరం తీగెది అయితే, ఆ తీగె మార్పించని యజమానిది కూడా అవుతుంది. రెండుసార్లు బండి చూసి "పో" అన్న మెకానిక్‌ది అంతకంటే ఎక్కువ అవుతుంది. అవ్వ నేరస్థురాలైతే మా ఇద్దరికీ సుఖం. మూఢనమ్మకం ఆయనకు ఏ పని చేసిపెట్టిందో, ఆదివారం నుంచి "బండి మోసం చేసింది" అంటూ నేను చెప్పుకుంటున్న సాకు నాకు అదే పని చేసిపెట్టింది. అప్పుడైనా ఊరి నడిమధ్యలో నిలబడి "తప్పు నాది, ఈ డ్రైవరు మాట నేను వినలేదు" అని అరిచి ఉండాల్సింది. మైకు లేదు కదా, గొంతు లేవలేదు.

రెండు వేల సంవత్సరం తర్వాత ఒకసారి లారీ పని మీద మద్నూర్ వెళ్లి, అటునుంచి వెతుక్కుంటూ అవ్వ తమ్ముడి ఊరికి పోయాను. అవ్వకు చూపు తగ్గింది, మాట సగం మరాఠీ అయింది. నేనెవరో చెప్పాను. దగ్గరగా వచ్చి నా ముఖం చూసింది.

"జీపు మంచిగ నడుస్తుందా బిడ్డా?" అంది.

జీపు ఎప్పుడో తుక్కుకు పోయింది. "నడుస్తుందవ్వా" అన్నాను. తీగె సంగతంతా చెప్పాను. ఎంతవరకు అర్థమైందో తెలియదు. "దూపకు ఆగేది పాపం" అంది. "ఊళ్లె ఎవరన్న నన్ను యాది చేస్తరా?" అని అడిగింది. అడుగుతూనే ఆమె గోడ పట్టుకుని లేచి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగాను. ఎత్తిన చెంబు దించకుండా తాగాను. అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు. చూసేవాళ్లు ఊరంతా ఉన్న రోజు తాగని నీళ్లు, ఎవరూ లేనిచోట తాగి ఏం లాభం? అవి నా గొంతు తడపడానికి తప్ప ఆమెకు దేనికీ పనికిరాలేదు.

ఆ తీగె ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది. మెకానిక్ పని నేర్చుకుంటున్న తమ్ముళ్లారా, "ఫలానా చోటే ఆగుతుంది" అని డ్రైవరు అంటే నవ్వకండి. ఇంకెక్కడెక్కడ ఆపుతావని అడిగి, వేడి బండిలో కూర్చుని మీ చేత్తో ముట్టి చూడండి. ఇక బండ్లతో పని లేనివాళ్లు. మీ వాడలో జనం గుసగుసలాడే ఇల్లు ఒకటి ఉంటుంది, ఎవరూ నీళ్లు ముట్టని గడప ఒకటి ఉంటుంది. ఏదో మీకు తెలుసు. రేపు పట్టపగలు, వాడంతా చూస్తుండగా అక్కడికి వెళ్లండి. ఉపన్యాసం వద్దు, మైకు వద్దు. గడప ముందు నిలబడి నీళ్లు అడగండి. ఇచ్చిన చెంబు అక్కడే, అందరి ముందే ఎత్తి తాగండి. తర్వాత తాగుతానని మాత్రం అనకండి.